బయల్దేరని కణాలు

ఫిబ్రవరి 6

పొద్దుటి నుంచి తలలు కోస్తూనే ఉన్నాను. ఎలుక పిల్లలవి, ఇంకా పుట్టనివి. తల్లి పొట్టలో పూసల దండలా వరసగా ఉంటాయి. కత్తెరతో ఒక్క నొక్కు, అంతే. ఈ ఉద్యోగంలో చేరిన కొత్తలో తిండి సహించేది కాదు. ఇప్పుడు కోస్తూనే సూదమ్మతో కబుర్లు చెబుతాను. సూదమ్మ మా ల్యాబులో సూదులు గుచ్చే మనిషి. పుట్టని పిల్ల మెదడులోకి గాజు సూదితో రంగు ఎక్కించడంలో ఆవిడ తర్వాతే ఎవరైనా.

సాయంత్రం తమ్ముడు ఫోన్ చేశాడు. "అక్కా, ఆవిడ మెట్ల మీంచి జారింది. కాస్త వచ్చి చూడు."

వెళ్లాను. మరదలు మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని ఉంది. ఐదో నెల. పెదవి చీలింది, చెవి వెనక నల్లగా కమిలింది. మెట్ల మీంచి జారితే చెవి వెనక దెబ్బ ఎలా తగిలిందని నేను అడగలేదు. తమ్ముడు మంచినీళ్లు తెచ్చాడు, ఆమె తల కింద దిండు సర్దాడు, కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. వాడి వేళ్ల కణుపులు చెక్కుకుపోయి ఉన్నాయి. వాడు తలుపులు చేసే వడ్రంగి, చెక్కపనిలో అలాంటివి మామూలే.

వాడికి జబ్బు. అది వాడి తప్పు కాదు.

ఫిబ్రవరి 7

వాడికి జబ్బు. అమ్మ పోయిన మరుసటి ఏడాది వాడికి మూర్ఛ వచ్చింది. స్కాన్ తీయిస్తే మెదడు లోపల, నీరు నిండి ఉండే అర గోడ పక్కన, బూడిద రంగులో రెండు చిన్న దీవులు కనిపించాయి. అవి అక్కడ ఉండాల్సిన కణాలు కావు. అక్కడ పుట్టి, పైకి పాకి, పైపొరల్లో చేరాల్సినవి. బయల్దేరనే లేదు. ఆ ఫిల్మును వెలుతురుకు పట్టి చూసిన రోజే ఈ చదువు చదవాలనుకున్నాను. నా డిగ్రీలు, నా ఉద్యోగం, నా జీతం అన్నీ వాడి తలలోంచే పుట్టాయి.

మూర్ఛ మాత్రలతో తగ్గిపోయింది. దీవులు అలాగే ఉన్నాయి. కోపం వాటిదే. నాకు కాక ఎవరికి తెలుస్తుంది?

ఫిబ్రవరి 11

మరదలు ల్యాబుకు వచ్చింది. ముఖానికి చున్నీ చుట్టుకుంది. గేటు దగ్గర కాపలా మనిషి "మీ చుట్టమట" అని చెబితే కిందికి దిగాను. చున్నీ తీయమన్నాను. తీసింది. వెంటనే మళ్లీ కప్పుకోమన్నాను.

"వదినా, నాకు అర్థమయ్యేలా చెప్పు. ఆయన తలలో ఏముంది?"

ఆ ప్రశ్న అడిగితే నేను ఆగను. మైక్రోస్కోపు ముందు కూర్చోబెట్టి ఒక మెదడు ముక్క చూపించాను. మెదడు లోపలి నుంచి బయటికి కట్టుకుంటూ వస్తుంది. కణాలన్నీ లోపలి గోడ పక్కన పుడతాయి. తల్లికణం పైదాకా ఒక దారం చాచి ఉంచుతుంది. పుట్టిన కణం ఆ దారం పట్టుకుని పాకుతుంది. ముందు పుట్టినవి అడుగు వరసలో ఆగిపోతాయి. తర్వాత పుట్టినవి వాటిని తోసుకుంటూ దాటి ఇంకాస్త పైన కూర్చుంటాయి. కడగొట్టువాడు అందరికన్నా పైన.

"అచ్చం మీ ఇల్లే," అంది. చీలిన పెదవితోనే నవ్వింది. నేనూ నవ్వాను.

ఎక్కడ ఆగాలో వాటికి ఎవరు చెబుతారని అడిగింది. అన్నిటికన్నా పైన కొన్ని కణాలు ముందే వెళ్లి కూర్చుంటాయి, ఇక చాలు, దారం వదులు అని చెబుతాయి, పనయ్యాక చాలావరకు చచ్చిపోతాయి అన్నాను. ఆ చెప్పే కణాల గొంతు పోయిన ఎలుకలు మా దగ్గర ఉన్నాయి. వాటిని బోనులో చూపించాను. వాటి వరసలు తలకిందులయ్యాయి, తాగినవాడిలా తూలుకుంటూ నడుస్తాయి.

"పాపం," అంది. "పక్క ఎలుకను కొడతాయా?"

"లేదు. సరిగ్గా నిలబడనే లేవు."

"మరి ఆయన చెక్కపని షెడ్డులో ఎవరినీ కొట్టడెందుకు వదినా? కొలత తప్పావురా వెధవా అని మేస్త్రి అందరి ముందు తిడితే చేతులు కట్టుకుని నిలబడతాడు. మేస్త్రి ఎవరో, పెళ్లాం ఎవరో ఆ కణాలకు తెలుస్తుందా?"

బయట అణుచుకున్నది ఇంటికొచ్చాక బయటపడుతుంది అన్నాను.

"సైన్సు అలా చెప్పిందా?"

"చెప్పింది." ఎక్కడో చదివినట్టే గుర్తు.

కొన్నాళ్లు మీ ఇంట్లో ఉండనా అని అడిగింది. మాత్రల మోతాదు పెంచమని డాక్టరుకు చెబుతాను, జబ్బు మనిషిని వదిలేసి వస్తావా అన్నాను. తప్పుగా ఏమీ అనలేదు. ఆమె చున్నీ సర్దుకుని, ఆ తూలే ఎలుకల వైపు ఇంకోసారి చూసి వెళ్లిపోయింది.

ఫిబ్రవరి 12

నాది ఒంటి గది ఇల్లు. ఆమెకే ఇబ్బంది అయ్యేది.

ఫిబ్రవరి 19

తమ్ముడు వచ్చాడు. నా అలమర తలుపు వేలాడిపోతోందని మొన్నెప్పుడో చెప్పాను, గుర్తుపెట్టుకుని పనిముట్ల సంచితో వచ్చాడు. పాత మడతబందులు విప్పి, కొత్తవి బిగించి, తలుపు వేలితో తోసి చూపించాడు. చప్పుడు లేకుండా మూసుకుంది. వాడి పని చూస్తే ముచ్చటేస్తుంది. చిన్నప్పుడు నా భుజం మీద తప్ప నిద్రపోయేవాడు కాదు.

టీ ఇచ్చి, ఆమె మీద చెయ్యి చేసుకుంటున్నావా అని అడిగాను. నెమ్మదిగానే అడిగాను.

"ఆవిడ ఇక్కడికొచ్చి చెప్పిందా?"

"చెప్పలేదు. ముఖం చూశాను."

"నీ దగ్గరికి వచ్చిందా లేదా?"

కప్పు గోడకేసి కొట్టాడు. నా తల పక్క నుంచి వెళ్లింది. వేడి టీ మెడ మీద పడింది. ఆ తర్వాత వాడే గుడ్డ తెచ్చి నేల తుడిచాడు, ఒక్క గాజు పెంకు కూడా మిగలకుండా ఏరాడు. "నాకేదో అవుతుందక్కా, నా చేతిలో ఉండదు," అన్నాడు. నాకు తెలుసురా అన్నాను. వాడి తల నిమిరాను. ఇదిగో, ఇదే నేను చెప్పేది. చేతిలో ఉండదు.

ఆమె వచ్చిందని మాత్రం చెప్పి ఉండాల్సింది కాదు. వాడు మూడుసార్లు అడిగేసరికి చెప్పేశాను.

ఫిబ్రవరి 20

మరదలు ఫోన్ ఎత్తడం లేదు.

ఫిబ్రవరి 21

ఎత్తడం లేదు. పడుకుని ఉంటుంది. ఐదో నెలలో నిద్ర ఎక్కువ.

ఫిబ్రవరి 22

ఆసుపత్రి నుంచి వచ్చాను. చేతులు కడుక్కున్నాను. రాస్తాను.

పక్కింటి ఆవిడ తీసుకెళ్లి చేర్పించింది. ఎడమ చెంప ఎముక విరిగింది. ముందు పళ్లు రెండు లేవు. జుట్టు ఒక పక్క కుదుళ్లతో సహా ఊడి వచ్చింది, అక్కడ చర్మం పచ్చిగా ఉంది. నర్సు కట్టు మారుస్తూ, "పొట్టలో కూడా తన్నాడమ్మా, వాడి చేతులు పడిపోను," అంది.

అప్పుడు నేను అన్న మాట రాయాలి. ఎన్నో వారం అన్నాను. నర్సు చెప్పింది. "అయితే పై వరసల కణాలు ఇప్పుడే ఎక్కుతూ ఉంటాయి," అన్నాను.

నర్సు చేతిలో దూది అలాగే పట్టుకుని నా వంక చూసింది. "మీరు ఈవిడకు ఏమవుతారు?" అంది. ఆడపడుచుని అన్నాను. "అలా చెప్పండి," అంది.

బిడ్డ గుండె కొట్టుకుంటోంది. ఆ యంత్రంలో గుర్రం పరుగులా వినిపించింది. మరదలు కళ్లు తెరిచింది. మాట సరిగ్గా రావడం లేదు, వంగి చెవి పెట్టాను.

"ఈసారి కూడా జబ్బేనా వదినా?"

మాట్లాడకు, కుట్లు ఊడతాయి అన్నాను.

నా దగ్గరికి ఎందుకు వెళ్లావని కొట్టాడట. ఇది పక్కింటి ఆవిడ చెప్పింది. గోడ అవతలి నుంచి ఆ మాట ఒక్కటే మళ్లీ మళ్లీ వినబడిందట. మా అక్క దగ్గరికి ఎందుకెళ్లావే. మా అక్క దగ్గరికి ఎందుకెళ్లావే.

మార్చి 2

తమ్ముణ్ణి పట్టుకెళ్లారు, బెయిలు మీద వదిలారు. భార్య దరిదాపులకు పోకూడదని మేజిస్ట్రేటు ఉత్తర్వు ఇచ్చింది. మరదలు వాళ్ల పిన్ని ఇంట్లో ఉంది. ఆ పిన్ని మొగుడు, కోర్టు నీ మొగుడి దగ్గరికి వెళ్లమంటే మాత్రం వెళ్లిపోవాలమ్మా అని ముందే చెప్పాడట.

తమ్ముడి లాయరు నా గదికి వచ్చాడు. మాట తీరు మెత్తగా ఉంటుంది. "మీరు సొంత అక్క, ఆ చదువే చదివినవారు. మెదడులో పుట్టుకతో వచ్చిన లోపం వల్లే ఇలా జరిగిందని మీరు ఒక్క మాట చెబితే చాలు. ఉత్తర్వు ఎత్తేస్తారు, వైద్యం చేయించుకుంటూ ఇంట్లోనే ఉంటాడు. భార్యాభర్తలు మళ్లీ ఒక్కటవుతారు. లేదంటే జైలు. ఆ జైల్లో మూర్ఛ వస్తే ఎవరు చూస్తారు చెప్పండి?"

చెబుతానన్నాను. అబద్ధం చెప్పమని అడగలేదు కదా. లోపం ఉన్న మాట నిజం.

మార్చి 5

నరాల డాక్టరు దగ్గరికి వెళ్లాను. చిన్నప్పటి నుంచి తమ్ముణ్ణి చూస్తున్నది ఆయనే. ఆయన కూడా చెబితే బలంగా ఉంటుందని లాయరు అన్నాడు.

ఆయన ఫిల్ము దీపపు పెట్టె మీద పెట్టాడు. "ఈ దీవులు మూర్ఛ తెప్పిస్తాయి. ఆ సంగతి మీకూ తెలుసు. పెళ్లాన్ని గదిలో పెట్టి తన్నించవు. అది కూడా మీకు తెలుసు."

"మీకు ఖాయంగా ఎలా తెలుసు?" గట్టిగానే అరిచాను.

"ఇలాంటి స్కాన్ ఉన్నవాళ్లు నా దగ్గరికి చాలామంది వస్తారమ్మా. ఒకావిడ పిల్లలకు సంగీతం చెబుతుంది. ఒకాయన లెక్కల మాస్టారు. ఒకడు బస్సు ఎక్కడానికి కూడా భయపడతాడు. ఇన్నేళ్లలో ఈ గదిలో నా మీద అరిచింది మీరొక్కరే."

బల్ల మీది పేపర్‌వెయిట్ తీసి నేలకేసి కొట్టి వచ్చేశాను. పగల్లేదు. దొర్లుకుంటూ బల్ల కిందికి పోయింది. ఆయన వంగి తీసుకుంటూ ఉన్నాడు, ముసలాయన. ముసలివాళ్లకు కొత్త సంగతులు తెలియవు.

మార్చి 8

ఇవాళ ల్యాబులో నా తప్పు లేదు.

నా సొంత ఎలుకలు ఉన్నాయి. ఒక జన్యువు ఆపేసి, కణాలు బయల్దేరకుండా చేసినవి. తమ్ముడి తలలో ఉన్నలాంటివే దీవులు వాటి తలలోనూ. వాటిని కోసి చూస్తే పచ్చరంగు కణాలు గోడ పక్కనే గుంపుగా మెరుస్తుంటాయి, ఊరు దాటని జనంలా. పదేళ్లుగా నా పని అదే.

సూదమ్మ బొటనవేలికి కట్టు ఉంది. ఏమైందంటే ఎలుక కరిచిందంది. ఏ బోనులోది అన్నాను.

"మామూలు బోనులోది. మీ దీవుల ఎలుకలు ఎప్పుడు కరిచాయండీ, వాటంత మంచివి లేవు. నన్ను ఇన్నాళ్లలో కరిచినవన్నీ బుర్ర సరిగ్గా ఉన్నవే." గాజు సూదికి మొన తీస్తూ, తల ఎత్తకుండా అంది. "మీ తమ్ముడి సంగతి విన్నాను. మీరు సాక్ష్యం చెబుతారట కదా."

ట్రే లాగి విసిరాను. గాజు పలకలు, వారం రోజుల పని, నేల మీద తునాతునకలు. "నీకెందుకు, నీ పని నువ్వు చూసుకో," అని అరిచాను. కేకలకు మా ల్యాబు పెద్దాయన తన గదిలోంచి వచ్చి, ఇంటికి వెళ్లి విశ్రాంతి తీసుకోమన్నాడు. సూదమ్మ చీపురు తెచ్చింది. నేను ఊడుస్తానంటే ఇవ్వలేదు.

మనుషులు ఎలుకలు కారు. ఈ ముక్క అక్కడే అనాల్సింది, తట్టలేదు.

మార్చి 9

చెబుతాను. వాణ్ణి నా చేతులతో పెంచాను. జైల్లో వేయించడానికా?

మార్చి 12

ఎడమ కన్ను మూసుకుపోయింది, కుడి కన్నుతో రాస్తున్నాను.

మరదలు పిన్నితో కబురు చేసింది, తన బట్టలు, ఆసుపత్రి కాగితాలు తెచ్చి పెట్టమని. తాళంచెవి కూడా పంపింది. తమ్ముడు పగలంతా షెడ్డులో ఉంటాడు కదా అని మధ్యాహ్నం వెళ్లాను. బట్టలు సర్దాను. పడగ్గది తలుపు వెనక ఆమె కోటు తగిలించి ఉంటుందని చెప్పింది. తలుపు మూసి కోటు తీశాను. గాలికి తలుపు మళ్లీ తెరుచుకుంది. గడియ వేద్దామని చెయ్యి పెడితే గడియ లేదు.

అక్కడ రంగు నున్నగా ఉంది. వేలితో తడిమితే నాలుగు చోట్ల చిన్న బుడిపెలు తగిలాయి. గోటితో గీరాను. పుట్టీ రాలింది. లోపల మర చిల్లు.

స్నానాల గదికి వెళ్లి చూశాను. అక్కడా అంతే. నాలుగు చిల్లులు, పుట్టీ, ఉప్పు కాగితం పట్టి, రంగు. వంటింటి వెనక ఉన్న సామాన్ల కొట్టు. అక్కడా అంతే. లోపల ఒక్క గడియ లేదు. బయటి వైపు మాత్రం అన్నీ ఉన్నాయి, నూనె వేసి మరీ ఉన్నాయి.

అలాగే నిలబడిపోయాను. పుట్టీ పెట్టాలి. అది ఆరాలి. ఆరాక రుద్దాలి. రెండు పూతలు రంగు వేయాలి, ఒకటి ఆరాక ఇంకొకటి. పూనకం వచ్చినవాడు చేసే పని కాదు అది. అంత తీరిగ్గా, అంత ఓపిగ్గా.

"ఏం చూస్తున్నావక్కా?"

ఎప్పుడు వచ్చాడో. చప్పుడు కాలేదు, వాడు బిగించిన తలుపులు కదా.

"లోపలి గడియలేవిరా?"

"తీసేశా. ఆవిడ లోపల దూరి గడియ పెట్టుకుంటే ఎంత పిలిచినా రాదు. మొగుడూ పెళ్లాలం మాట్లాడుకోవాలా వద్దా?"

"మొన్న గొడవయ్యాక తీశావా?"

"అబ్బే. ఇల్లంతా రంగులు వేయించాం చూడు, అప్పుడు."

ఆ రంగులకు డబ్బాలు మోసింది నేనే. పెళ్లికి ముందు. ఇంకా ఆమె ఆ ఇంట్లో అడుగు పెట్టలేదు. ఒక్క మాట అనుకోలేదు వాళ్లిద్దరూ, ఒక్క గొడవ పడలేదు. కొత్త పెళ్లికూతురి కోసం ఇల్లు సిద్ధం చేస్తూ, ఒక్కో గది దగ్గరా మోకాళ్ల మీద కూర్చుని గడియలు విప్పాడు. నేను పక్క గదిలో కిటికీలు తుడుస్తున్నాను. ఈల వేస్తూ పని చేశాడు. ఆ ఈల నాకు గుర్తుంది.

"నేను కోర్టులో చెప్పను," అన్నాను.

"ఏం చెప్పవు?"

"జబ్బని చెప్పను."

వాడు ముందు నవ్వాడు. తర్వాత ఎడమ చేత్తో నా జుట్టు పట్టుకుని, కుడి చేత్తో కొట్టాడు. అరచేయి కాదు, పిడికిలి. కంటి మీద. నేను ఎప్పుడూ దెబ్బ తినలేదు. దెబ్బకు ముందు చప్పుడు వస్తుందని, నొప్పి తర్వాత వస్తుందని తెలియదు. రెండోది పక్కటెముకల మీద. ఊపిరి అందలేదు. "నేను నీ తమ్ముణ్ణి కాదా? ఆవిడ ఎవత్తె నీకు?" అంటూనే ఉన్నాడు. జుట్టు ఊడి చేతిలోకి వస్తే విదిలించుకుంటున్నాడు. ఆ సందులో స్నానాల గదిలోకి పరిగెత్తి తలుపు మూశాను. చెయ్యి దానంతటదే గడియ కోసం వెళ్లింది.

వీపు తలుపుకు ఆనించి కాళ్లు గోడకు తన్నిపెట్టాను. వాడు తోయలేదు. బయట నిలబడి మామూలు గొంతుతో మాట్లాడాడు. "అక్కా, ఆ తలుపు నేనే చేశాను. నువ్వు ఎంతసేపు పట్టుకుంటావో నాకు తెలుసు. వచ్చెయ్." మరదలు ఈ గదిలోనే, ఇలాగే ఆనుకుని, ఈ గొంతే వింటూ ఎన్నిసార్లు నిలబడిందో. ఆమెను నేను వెనక్కి పంపాను.

తలుపు వదిలేసి, ఫ్లష్ ట్యాంకు మీది పింగాణి మూత రెండు చేతులతో ఎత్తాను. వాడి చెయ్యి ముందు లోపలికి వచ్చింది. దాని మీద కొట్టాను. ఎముక విరిగిన చప్పుడు స్పష్టంగా వినబడింది. నేల మీద పడ్డాడు. లేచే స్థితిలో లేడు. "అక్కా," అన్నాడు, చిన్నప్పుడు పిలిచినట్టే పిలిచాడు.

అక్కా అని పిలిచిన తర్వాతే రెండోసారి కొట్టాను. అదే చెయ్యి మీద. బాగా చూసుకుని, గురి చూసి కొట్టాను. మూత విరిగిపోయింది కాబట్టి మూడోది లేదు.

ఆ తర్వాత అంబులెన్సుకు ఫోన్ చేశాను. వాడి తల కింద మరదలి కోటు మడిచి పెట్టాను.

మార్చి 13

కళ్లు మూస్తే ఆ చప్పుడు వినబడుతోంది. సిగ్గు వేయాలి. వేయడం లేదు.

మార్చి 15

లాయరు మళ్లీ వచ్చాడు. నా కన్ను చూసి అయ్యో అన్నాడు. తమ్ముడి మోచేయి ముక్కలైందట, లోపల కడ్డీ వేశారట, ఇక ఉలి పట్టడం కష్టమట. "మీ మీద కేసు పెట్టమని అందరూ అంటున్నారు. ఆయనే వద్దన్నాడు. మా అక్క మాట తప్పదు, జబ్బని చెబుతుంది అన్నాడు. అది చెప్పేస్తే ఇదంతా బాత్రూములో జారిపడ్డ సంగతిగానే ఉండిపోతుంది."

మెట్లు అయ్యాయి, ఇప్పుడు బాత్రూము. మా ఇంట్లో అందరూ జారిపడే చస్తారు. లాయరుతో ఆ మాటే అని, తలుపు చూపించాను.

మార్చి 20

మేజిస్ట్రేటు నడివయసు ఆవిడ. జలుబు చేసి ముక్కు తుడుచుకుంటూనే విన్నారు. తమ్ముడు పట్టీతో చెయ్యి మెడకు కట్టుకుని కూర్చున్నాడు. బాగా చిక్కిపోయాడు. చొక్కా గుండీలు ఎవరో తప్పుగా పెట్టారు, ఒకటి దాటి ఒకటి. లేచి సరిచేయాలనిపించింది. మరదలు వెనక వరసలో పిన్ని పక్కన ఉంది.

మెదడులో లోపం ఉందా అని అడిగారు. ఉందన్నాను. ఫిల్ము చూపించి చెప్పాను. ఇవి పుట్టిన చోటే ఉండిపోయిన కణాలు, వీటివల్ల మూర్ఛ వచ్చింది, మాత్రలతో తగ్గింది.

"దానివల్లే భార్యను కొట్టాడా?"

"కాదండీ."

తమ్ముడు తల ఎత్తాడు.

గడియల సంగతి చెప్పాను. పోలీసులు కూడా వెళ్లి చూసి వచ్చారు, వాళ్లూ చెప్పారు. ఎప్పుడు తీశాడో చెప్పాను. ఆ మాట చెప్పేటప్పుడు వెనక నుంచి ఒక చప్పుడు వచ్చింది, ఎవరో ఊపిరి గట్టిగా పీల్చినట్టు. పెళ్లికి ముందే తీశాడని మరదలికి కూడా తెలియదు.

లాయరు లేచాడు. ఇప్పుడు మెత్తగా లేడు. "నెల కిందట మీరే ఆమెతో జబ్బని చెప్పారా లేదా?"

"చెప్పాను."

"అప్పుడు తెలియదా, ఇప్పుడు తెలిసిందా?"

"అప్పుడూ తెలుసు. వాడి కోసం తెలియనట్టు ఉన్నాను."

"మీ తమ్ముడి చెయ్యి విరగ్గొట్టింది ఎవరు?"

"నేను."

"ఆత్మరక్షణ కోసం అంటారు, అంతేగా?"

అవుననేసి కూర్చోవచ్చు. మేజిస్ట్రేటు కూడా ఆ మాట కోసమే చూస్తున్నట్టు కలం పట్టుకున్నారు.

"మొదటి దెబ్బ బయటపడటానికి కొట్టాను. రెండోది కొట్టాలనిపించి కొట్టాను. అప్పటికే వాడు లేవలేకుండా ఉన్నాడు. నా మెదడులో ఏ లోపమూ లేదండీ. నా కణాలన్నీ ఎక్కడికి చేరాలో అక్కడికే చేరాయి."

తమ్ముడు ఏడుస్తున్నాడు. వాడు ఏడిస్తే ఎప్పుడూ నేనే వెళ్లి కళ్లు తుడిచేదాన్ని. ఇవాళ దగ్గరికి వెళ్లలేదు. ఉత్తర్వు ఎత్తేయలేదు. బెయిలు రద్దు చేశారు. మూర్ఛ మాత్రలు జైల్లో వేళకు ఇవ్వాలని రాయించమని నేను అడిగాను, మేజిస్ట్రేటు రాశారు. నా మీద కేసు విడిగా నడుస్తుందని చెప్పారు. సరేనన్నాను.

బయట బెంచీ మీద కూర్చుంటే మరదలు వచ్చి పక్కన కూర్చుంది. మధ్యలో ఒక మనిషి పట్టేంత చోటు వదిలింది. చెంప వాపు తగ్గింది కానీ ముఖం ఒక పక్కకు దిగింది.

"రెండో దెబ్బ ఎక్కడ కొట్టావు వదినా?"

"మోచేతి మీద."

"కుడి చెయ్యేనా?"

"కుడిదే."

తల ఊపింది. తన పొట్ట మీద చెయ్యి పెట్టుకుంది. "నువ్వు అది చెబుతుంటే నాకు చాలా హాయిగా అనిపించింది. ఇన్నాళ్లలో అంత హాయి ఎప్పుడూ లేదు. ఆ తర్వాత భయమేసింది. నువ్వంటే కూడా భయమేసింది." చున్నీ చివరతో కళ్లు తుడుచుకుంది, అయినా ఆపలేదు. "నన్ను నువ్వే వెనక్కి పంపావు. ఇవాళ నువ్వే బయటపడేశావు. ఆ రెండూ కలిపి ఏం చేసుకోవాలో నాకు తెలియడం లేదు. పురుడయ్యాక రాకు వదినా. బిడ్డను చూడ్డానికి రాకు. ఎప్పుడైనా నాకు చూపించాలనిపిస్తే నేనే పిలుస్తా."

నాకు కోపం వచ్చింది. ఇంత చేశాక, తమ్ముణ్ణి జైలుకు పంపాక, నా ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియకుండా చేసుకున్నాక, నాకు దక్కేది ఇదా అనిపించింది. నా పిడికిళ్లు వాటంతటవే బిగుసుకోలేదు, నేనే బిగించాను. ఆమె చూసింది. ఆమె కళ్లు ముందు నా చేతుల మీదికే వెళ్లాయి, ముఖం మీదికి కాదు.

వేళ్లు విప్పి, చేతులు ఒళ్లో పెట్టుకున్నాను. సరే అన్నాను. పిన్ని పిలిచింది. మరదలు లేచి, ఒక చేత్తో నడుం పట్టుకుని మెట్లు దిగి, బస్సు వచ్చేదాకా ఎండలో నిలబడింది. బస్సు ఎక్కేదాకా నేను లేవలేదు.